బిల్లులో ఎన్‌వీఎంఈ, లోపల సాటా

మా అబ్బాయి చదువు కోసం సికింద్రాబాద్‌లో ఒక షాపులో పీసీ అసెంబుల్ చేయించాను. బిల్లులో 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బాగా వేగంగా పనిచేసే రకం స్టోరేజీ డ్రైవ్) అని ఉంది. ఇంటికొచ్చాక పెద్ద ఫైళ్ల కాపీ నత్తనడకే. డ్రైవ్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఇంటర్‌ఫేస్ దగ్గర ‘సీరియల్ ఏటీఏ’ అని ఉంది, అంటే అంత వేగం లేని సాటా రకం! వేగం సెకనుకు 530 ఎంబీ దగ్గరే ఆగిపోయింది. డ్రైవ్ విప్పితే కనెక్టర్‌కి రెండు గాట్లు. ఎన్‌వీఎంఈకి సాధారణంగా ఒకటే. చాలా మదర్‌బోర్డుల్లో ఈ రెండు రకాల డ్రైవ్‌లూ ఒకే ఎం.2 స్లాట్‌లో (డ్రైవ్ బిగించే చోటు) పడతాయి, అందుకే మోసం బయటపడదు. కూడబెట్టిన డబ్బు కదా, కడుపు మండిపోయింది.

స్క్రీన్‌షాట్లు, జీఎస్టీ బిల్లు పట్టుకెళ్లాను. ‘రెండూ ఒకటే సార్’ అన్నారు. బిల్లులోని మోడల్ నంబర్ చూపించి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాను. గంటలో డ్రైవ్ మార్చారు. విండోస్ వేయించి, అక్కడే టెస్ట్ నడిపించి, వేగం సెకనుకు 3,400 ఎంబీ కనిపించాకే ఇంటికి బయల్దేరాను.