ఏళ్లుగా నడుస్తున్న క్రాఫ్ట్ బ్రూవరీ: బీర్లు ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

ఏడెనిమిదేళ్లు దాటిన క్రాఫ్ట్ బ్రూవరీలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "పాత బీర్లకు గిరాకీ తగ్గింది, మెనూ అంతా మార్చేద్దాం." నిజంగానే మార్చాల్సి ఉండొచ్చు. కానీ మొదట్లో జనం ఇష్టపడి తాగిన బీరు, ఇవాళ గ్లాసులో పోస్తున్న బీరు ఒకటేనా అన్నది ముందు తేల్చుకోవాలి. కాగితం మీద రెసిపీ అలాగే ఉన్నా రుచి జారిపోయి ఉండవచ్చు. అది తేలకుండా కొత్త బీరు పెడితే, పాతదాన్ని చెడగొట్టిన తప్పే కొత్తదాన్నీ చెడగొడుతుంది.

ముందు పాత బీరును పరీక్షించండి

ట్యాప్ దగ్గర మొదలుపెట్టండి. ఒకే బ్యాచ్ నుంచి రెండు గ్లాసులు తీయండి. ఒకటి ట్యాంకు శాంపిల్ వాల్వ్ నుంచి, రెండోది కస్టమర్‌కు పోసే ట్యాప్ నుంచి. రెండింటినీ ఒకే చల్లదనానికి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా నలుగురికి ఇవ్వండి. ట్యాప్ గ్లాసులోనే పులుపో వెన్న వాసనో తగిలితే లోపం లైనుది, రెసిపీది కాదు. బీరు లైన్లను 14 రోజులకోసారి 2 శాతం కాస్టిక్ ద్రావణంతో, పంపు పెట్టి కనీసం 15 నిమిషాలు తిప్పి కడగాలి. పంపు లేకపోతే ద్రావణాన్ని లైన్లో 20 నిమిషాలు నిలబెట్టి, తర్వాత మంచినీళ్లతో పూర్తిగా పోగొట్టాలి. బీర్ స్టోన్ (లైన్లో పేరుకునే గట్టి పొర) కరగడానికి మూడు నెలలకోసారి యాసిడ్ వాష్ తప్పదు. ట్యాప్‌లు, కప్లర్లు (లైనును బీరు పీపాకు బిగించే భాగాలు) విప్పి బ్రష్‌తో రుద్దాలి. లైను కడిగి ట్యాప్‌ను వదిలేసేవాళ్లు చాలామంది. సూక్ష్మజీవులు ఎక్కువగా గూడు కట్టేది ఆ ట్యాప్‌లోనే.

వెన్న వాసన ట్యాంకులోనే ఉంటే అది డైఅసిటైల్. పులిసేటప్పుడు పుట్టే ఈ పదార్థాన్ని చివర్లో ఈస్టే తినేస్తుంది. బయటికి తెలియకపోయినా లోపల దాగి ఉండొచ్చు కాబట్టి ప్రతి బ్యాచ్‌కూ ఈ పరీక్ష చేయండి. మూత బిగించిన రెండు సీసాల్లో శాంపిల్ తీసుకుని, ఒకదాన్ని 60-65 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి చల్లార్చండి. రెండోదాన్ని చల్లగానే ఉంచండి. తర్వాత రెండూ వాసన చూడండి. వేడిచేసిన సీసాలో మాత్రమే వెన్న వాసన వస్తే, ఈస్ట్ పని ముగియకముందే ట్యాంకును చల్లబరుస్తున్నారన్నమాట. గిరాకీ బాగున్న రోజుల్లో ట్యాంకు తొందరగా ఖాళీ చేయాలని రెండు రోజులు కోసేస్తారు, ఆ అలవాటు అలాగే ఉండిపోతుంది. ఎయిల్‌కు (కాస్త వెచ్చగా, త్వరగా పులిసే బీరు) ఫెర్మెంటేషన్ (పులియడం) చివర 20 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఇవ్వండి. 11 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులిసే లాగర్‌ను చివర్లో 16కి పెంచండి. పరీక్ష నెగ్గాకే చల్లబరచండి.

ఈస్ట్ తరాలు (ఒకే ఈస్ట్‌ను ఎన్ని బ్యాచ్‌లకు తిరిగి వాడారో) కూడా లెక్కపెట్టండి. జీవకణాల సంఖ్య, బలం చూసుకుంటూ వాడితే మామూలు ఎయిల్ ఈస్ట్ 8-10 తరాలు వస్తుంది. హెఫెవైజెన్ (జర్మన్ పద్ధతి వీట్ బీరు, అంటే గోధుమ బీరు) ఈస్ట్‌ను 4-5 తరాలకు మించి లాగితే అరటిపండు, లవంగం వాసనల తూకం మారిపోతుంది. "మీ వీట్ బీరులో మునుపటి రుచి లేదు" అన్న ఫిర్యాదు వస్తే మొదట వెతకాల్సింది ఇక్కడే.

హాప్స్‌ను (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) గ్రాముల్లో కాకుండా, చేదునిచ్చే ఆల్ఫా యాసిడ్‌తో లెక్కించాలి. నిరుటి క్యాస్కేడ్‌ (ఒక హాప్ రకం)లో ఆల్ఫా 6.5 శాతం ఉండి ఈసారి పంటలో 5.2 ఉంటే, 100 గ్రాములు వేసేచోట 125 గ్రాములు వేస్తేనే అదే చేదు వస్తుంది. రెసిపీ షీటులో గ్రాములే రాసి ఉంటే బీరు ఏటా కొంచెం కొంచెంగా వేరే బీరవుతుంది.

క్యాన్లు, సీసాలు అమ్మేవాళ్లు 3-30-300 సూత్రం గుర్తుంచుకోవాలి. 3 డిగ్రీల్లో 300 రోజులకు వచ్చే ముసలితనం 22 డిగ్రీల్లో 30 రోజులకు, 32 డిగ్రీల్లో 3 రోజులకే వస్తుంది. మే నెలలో ఏసీ లేని మన గోడౌన్‌లో ఒక వారం గడిపిన ఐపీఏకు (హాప్స్ వాసన, చేదు ఎక్కువగా ఉండే ఎయిల్) కొత్త రెసిపీ అవసరం లేదు, కోల్డ్ స్టోరేజీ అవసరం.

ట్యాంకు-రోజు లెక్క

పరీక్షలన్నీ నెగ్గినా గిరాకీ తగ్గుతోందంటే అప్పుడు జాబితా మీద కూర్చోండి. ఏ బీరు ఎన్ని లీటర్లు అమ్ముడైందన్నది సగం సమాచారమే. ట్యాంకును ఎన్ని రోజులు పట్టుకుని ఎంత మిగిల్చిందన్నది అసలు లెక్క. అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి ఇది.

1000 లీటర్ల ట్యాంకులో వీట్ బీరు 12 రోజులు ఉండి 920 లీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరుకు సరుకు, సుంకం పోను 300 రూపాయలు మిగిలితే ట్యాంకు-రోజుకు 23,000. హేజీ ఐపీఏ (మసకగా కనిపించే రకం) 18 రోజులు తీసుకుంటుంది. హాప్స్ పీల్చుకోగా 850 లీటర్లే చేతికొస్తాయి. లీటరుకు 420 మిగిలినా ట్యాంకు-రోజుకు 19,833 మాత్రమే. లాగర్ 35 రోజులకు 930 లీటర్లు ఇచ్చి లీటరుకు 300 మిగిలిస్తే 7,971. గ్లాసు ధరలో ఐపీఏ గొప్పగా కనిపిస్తుంది కానీ ట్యాంకు దగ్గర వీట్ బీరే గెలిచింది.

అలాగని లాగర్ తీసేయమని కాదు. ట్యాంకులు నెలకు పది రోజులు ఖాళీగా ఉండే బ్రూవరీలో ఆ రోజులకు విలువ లేదు, లాగర్ ఎంత తెచ్చినా లాభమే. ట్యాంకులన్నీ నిండి, వీట్ బీరు శనివారం రాత్రికి అయిపోతున్నచోట మాత్రం లాగర్ ఖరీదైన అతిథి. కాబట్టి వీకెండ్‌లో ఏ బీరు అయిపోయిందో, ఎన్ని గంటలు లేకుండా నడిచిందో రాసి పెట్టుకోండి. అమ్మకాల రిపోర్టులో ఇది కనిపించదు.

అట్టడుగున ఉన్న బీరును తీసేసే ముందు ఈస్ట్ గొలుసు చూడండి. 4.5 శాతం ఆల్కహాల్ ఉన్న పేల్ ఎయిల్ (లేత రంగు ఎయిల్) నుంచి తీసిన ఈస్ట్‌తోనే 7 శాతం ఐపీఏ పులియబెడుతుంటే, పేల్ ఎయిల్‌ను ఆపిన రోజు ఐపీఏకు ప్రతిసారీ కొత్త ఈస్ట్ కొనాలి. బలమైన, చేదైన బీరు నుంచి తీసిన ఈస్ట్ అలసిపోయి ఉంటుంది, తిరిగి వాడటానికి పనికిరాదు. లెక్కలో నష్టం చూపించే చిన్న బీరు పక్క బీరును మోస్తూ ఉండవచ్చు.

పేరు నిలబెట్టిన బీరు సంగతి

అమెరికా ఈ దారిలో మనకంటే చాలా ముందు నడిచింది. కాలిఫోర్నియాలోని చికోలో సియెరా నెవాడా బ్రూవరీ 1980 నుంచి క్యాస్కేడ్ వాసన గల పేల్ ఎయిల్ కాస్తోంది. హేజీ బీర్ల గాలి వీచినప్పుడు దాని రెసిపీ జోలికి పోకుండా 2018లో హేజీ లిటిల్ థింగ్ అని వేరే పేరుతో వేరే బీరు తెచ్చింది. న్యూ బెల్జియం అనే మరో అమెరికన్ బ్రూవరీ ఇంకో దారి పట్టింది. 1991 నాటి యాంబర్ బీరు ఫ్యాట్ టైర్‌కు 2023లో రెసిపీ, డబ్బా రెండూ మార్చి, రంగు తేలికచేసి, అదే పేరుతో అమ్మింది.

పాత బ్రూవరీకి మొదటి దారే మంచిది. రంగు మారితే ఒక్క గుక్క తాగకముందే పాత కస్టమర్‌కు తెలిసిపోతుంది. అలవాటైన బీరు పోయిందనుకున్న మనిషి కొత్తదాన్ని నిష్పక్షపాతంగా తాగడు. అమ్మకాల్లో మూడో వంతు తెచ్చే బీరు మీ దగ్గర ఉంటే దాని పేరు కింద ప్రయోగాలు వద్దు.

చిన్న సవరణ తప్పనిసరైతే ఒక బ్యాచ్‌కు ఒకటే మార్చండి. క్రిస్టల్ మాల్ట్ (తీపినిచ్చే మొలకెత్తించిన ధాన్యం) 10 శాతం ఉండి తీపి మొహం మొత్తుతోందంటే మొదట 8 చేయండి. హాప్స్, మాష్ (ధాన్యాన్ని వేడినీళ్లలో నానబెట్టే దశ) ఉష్ణోగ్రత కదపకండి. తర్వాత ట్రయాంగిల్ టెస్ట్ పెట్టండి. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, రెండు ఒక రకం, ఒకటి వేరే. వేరేదేదో చెప్పాలి. సగం మందికి పాతది రెండు, మిగతా సగానికి కొత్తది రెండు ఇవ్వండి, వరుస కూడా మార్చండి. 24 మందిలో 13 మందో అంతకంటే ఎక్కువో సరిగ్గా చెబితే తేడా తెలుస్తున్నట్టే. పదకొండు పన్నెండు మంది దగ్గర ఆగితే తేడా లేదని తీర్మానించకండి, ఇంకో రోజు మళ్లీ పెట్టండి. రంగు తేడా కళ్లకు దొరక్కుండా ముదురు గ్లాసులు వాడాలి.

కొత్త బీరు పెట్టేటప్పుడు

50 లీటర్ల ట్రయల్‌లో కుదిరిన రెసిపీ 1000 లీటర్లలో చేదెక్కుతుంది. పెద్ద కెటిల్‌లో వర్ట్ (ఇంకా పులియని తీపి ద్రవం) చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ఆ వేడిలో వర్ల్‌పూల్ హాప్స్ (మరిగించడం ఆపాక వేసేవి) నుంచి కూడా చేదు దిగుతూనే ఉంటుంది. వర్ట్‌ను 80 డిగ్రీలకు దించాకే ఆ హాప్స్ వేయండి, మరిగేటప్పుడు వేసేవి మొదటి పెద్ద బ్యాచ్‌లో కొంచెం తగ్గించండి.

డ్రై హాపింగ్ (పులిసే బీరులోనే హాప్స్ వేయడం) లీటరుకు 10 గ్రాములు దాటితే హాప్ క్రీప్‌కు, అంటే బీరు మళ్లీ పులవడానికి, సిద్ధంగా ఉండండి. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన డెక్స్‌ట్రిన్లను (ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలు) విరగ్గొడతాయి, ఈస్ట్ మళ్లీ మేలుకుంటుంది, గ్రావిటీ (మిగిలిన చక్కెరను చూపే సాంద్రత) పడుతుంది, డైఅసిటైల్ తిరిగొస్తుంది. గ్రావిటీ వరుసగా 48 గంటలు కదలకుండా ఉండి, పైన చెప్పిన వేడినీళ్ల పరీక్ష మళ్లీ నెగ్గేదాకా చల్లబరచకండి. ఈ దశ దాటేసి క్యాన్లలో నింపితే అవి ఉబ్బుతాయి, పగులుతాయి కూడా.

వేసవికి మామిడి బీరు చేయాలని అందరికీ ఉంటుంది, బంగినపల్లి చేతికందే ఊళ్లో ఉండకపోతే ఆశ్చర్యం. గుజ్జును 70 డిగ్రీల దగ్గర పావుగంట వేడిచేసి చల్లార్చి, పెక్టినేజ్ (గుజ్జులోని పెక్టిన్‌ను విరగ్గొట్టే ఎంజైము) కలిపి, ఫెర్మెంటేషన్ ఇంకా కొంచెం మిగిలి ఉండగా వేయాలి. చల్లబరిచాక వేస్తే చక్కెర పులవకుండా మిగిలి, కెగ్ (బీరు పీపా) కాస్త వేడెక్కగానే నురగ తప్ప ఏమీ రాదు. ఆల్కహాల్ లెక్క కూడా చూసుకోండి. లీటరుకు 150 గ్రాముల గుజ్జు, అందులో 15 శాతం చక్కెర అనుకుంటే, 4.7 శాతం బీరు 5.4 దగ్గరికి చేరుతుంది. మన దేశంలో 5 శాతం దాటితే స్ట్రాంగ్ బీరు లెక్క, కాబట్టి మూల బీరును 4 శాతానికి కాయండి.

ఎనిమిది ట్యాప్‌లుంటే అయిదు స్థిరం, రెండు సీజన్‌వి, ఒకటి ప్రయోగానికి. ఒక కెగ్ పది రోజుల్లో ఖాళీ కాని బీరుకు సొంత ట్యాప్ ఇవ్వకండి. తీసేసే బీరుకు తేదీ పెట్టే ముందు ప్రింటైన క్యాన్లు, ఒప్పందం చేసుకున్న హాప్స్, ఎక్సైజ్ శాఖ దగ్గర లేబుల్ నమోదు ఎంతవరకు ఉన్నాయో చూసి, ఆ సరుకు అయిపోయే బ్యాచ్‌నే చివరి బ్యాచ్ చేయండి.

కొత్త బీరు మొదటి బ్యాచ్ ఎంత త్వరగా అయిపోయినా సంబరపడకండి, అందులో సగం కుతూహలం. రెండో బ్యాచ్‌లో అదే టేబుల్ రెండో గ్లాసు అడిగిందా అని బిల్లుల్లో వెతకండి. మూడో బ్యాచ్ ట్యాంకు-రోజు లెక్కలో పాత బీరును దాటితే స్థిరమైన ట్యాప్ ఇవ్వండి. లేకపోతే ఆ ట్యాంకు వీట్ బీరుకు ఇచ్చేయండి.