అమలాపురం మేడ మీద ‘క్రీప్’

రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌ని లోకానికి పరిచయం చేసిన పాట ‘క్రీప్’. 1992లో వచ్చింది. గిటార్ కొత్తగా పట్టినవాళ్ళకి నేను ముందు దీన్నే నేర్పుతాను, ఎందుకంటే మొత్తం నాలుగే కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు): జీ మేజర్, బీ మేజర్, సీ మేజర్, సీ మైనర్. అవే తిరుగుతుంటాయి.

అందరూ ఆగిపోయేది బీ మేజర్ దగ్గర. రెండో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద లోహపు కడ్డీలు విడదీసే గడి) చూపుడు వేలు తీగలన్నిటికీ అడ్డంగా, మిగతా మూడు వేళ్ళు నాలుగో ఫ్రెట్‌లో. మా మేనల్లుడు వారం రోజులు ‘వేలు పోతోంది మావయ్యా’ అని గోల. బలం పెంచొద్దు, వేలిని కాస్త పక్కకి ఒరిగించు, ఎముక అంచు తీగలకి తగలాలి అన్నాను. అప్పుడు మోగింది. అదే పట్టుని ఒక్క ఫ్రెట్ జరిపితే సీ మేజర్. దాన్ని మైనర్ చేస్తే మారేది ఒక్క స్వరం: మన కర్ణాటక సంగీతం లెక్కలో, సీని షడ్జమం అనుకుంటే, అంతర గాంధారం ఒక్క మెట్టు దిగి సాధారణ గాంధారం అవుతుంది. పాటలో దిగులంతా అక్కడే ఉంది.

కోరస్‌కి (పల్లవికి) ముందు బ్యాండ్ గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ కొట్టే మోత కావాలంటే, ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ ఆన్ చేసి, ఎడమ వేళ్ళు తీగల మీద ఊరికే ఆనించి, పిక్‌తో గట్టిగా కొట్టండి. రేకుల కప్పు మీద కొబ్బరి మట్ట పడ్డట్టుండాలి. సీరియల్ టైములో మాత్రం వద్దు, పక్కింటి పిన్నిగారు ఊరుకోరు.

అయ్యాక తీగల్ని పాత లుంగీ గుడ్డతో తుడవండి. మా కోనసీమ తేమకి నా మొదటి సెట్ ఒక్క వర్షాకాలంలోనే తుప్పు పట్టింది.