నెలలోపు బిడ్డ పాలు మానితే వెంటనే చేయవలసినవి

నెల నిండని బిడ్డకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు గుక్కపట్టి ఏడవడమో, ఒళ్లు కాలిపోయే జ్వరమో కనిపించి తీరాలని లేదు. నిన్నటిదాకా రెండు మూడు గంటలకోసారి లేచి పాలకు ఏడ్చిన బిడ్డ ఈ పూట లేవదు, లేపి రొమ్ము అందించినా రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. ‘బుద్ధిగా నిద్రపోతోంది, లేపకండి’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకి ఒళ్లంతా దెబ్బతినే సెప్సిస్ అనే స్థితికి చాలాసార్లు తొలి గుర్తు ఆ నిద్రే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో, రెండున్నర కిలోల లోపు బరువున్న బిడ్డల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

బిడ్డను వెలుతురున్న చోట, గాలి తగలకుండా పడుకోబెట్టి, బట్టలు తొలగించి ఛాతీని చూడండి. ఊపిరిని నిమిషం నిండా లెక్కపెట్టాలి. పసిబిడ్డ శ్వాస ఒక్క తీరున సాగదు కనుక పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మరోసారి లెక్కించండి. రెండోసారీ అంతే వచ్చినా, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోతుగా లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఆకుపచ్చని వాంతి అయినా, అరచేతులు అరికాళ్లు పసుపు రంగుకు తిరిగినా, తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి. ఫిట్స్ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే అనుకోవద్దు. పసికందులో అది చూపు ఒకే వైపు నిలిచిపోవడంగానో, రెప్పలు అదేపనిగా ఆడించడంగానో, నోట్లో ఏమీ లేకున్నా చప్పరించడంగానో ఉండవచ్చు.

చంకలో థర్మామీటరు పెట్టినప్పుడు 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ ఆపైన గానీ ఉంటే ఎంత ప్రమాదమో, 95.9 కంటే తగ్గినా అంతే ప్రమాదం. థర్మామీటరు లేకపోతే చేతి వెనక భాగంతో మొదట పొట్టను, తర్వాత పాదాలను తాకండి. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలికి లోనవుతోందని అర్థం. రెండూ చల్లబడితే పరిస్థితి చేయి దాటుతోంది. చల్లబడిన బిడ్డ వేడి పుట్టించుకోవడానికి ఒంట్లోని చక్కెరనూ ఆక్సిజన్‌నూ ఖర్చు చేసేస్తుంది. చక్కెర పడిపోతే ఫిట్స్ వస్తాయి, మెదడు దెబ్బతినవచ్చు. అందుకే దారిలో వెచ్చదనం కాపాడడం కూడా వైద్యంలో భాగమే.

108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోపు బిడ్డకు టోపీ, సాక్సులు, డైపరు మాత్రం ఉంచి తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనేలా పెట్టి, పైన చీర కొంగుతోనో దుప్పటితోనో కట్టండి. తల ఒక పక్కకు తిరిగి, ముక్కూ నోరూ కనిపిస్తూ ఉండాలి. మెడ ముందుకు వంగిపోతే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. తల్లికి శక్తి లేకపోతే తండ్రైనా, అమ్మమ్మైనా ఇలా ఎత్తుకోవచ్చు. వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టవద్దు, పసిచర్మం ఇట్టే కాలిపోతుంది. బిడ్డ మెలకువగా ఉండి మింగగలిగితే పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టవచ్చు. మగతగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా నోట్లో చుక్క కూడా పోయకూడదు. వాతలు పెట్టించడం, బొడ్డుకు పసుపో బూడిదో అద్దడం, పసరు పోయడం బిడ్డకు మరింత హాని చేస్తాయి. ప్రేమతోనే చేస్తారని తెలుసు, అయినా గట్టిగా అడ్డుకోండి.

నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం, అంటే ఎస్‌ఎన్‌సీయూ, సాధారణంగా జిల్లా ఆసుపత్రిలో ఉంటుంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు బిడ్డలకు ప్రభుత్వాసుపత్రిలో చికిత్స, మందులు, పరీక్షలు, రానుపోను ప్రయాణం ఉచితం. ఎస్‌ఎన్‌సీయూ దూరమైతే దారిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తొలి మోతాదు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయగలరేమో ఆశా కార్యకర్త ద్వారా ముందే ఫోన్‌లో కనుక్కోండి. వేసిన మందు పేరు, సమయం కాగితం మీద రాయించుకోండి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగేవి దాదాపు ఇవే: పుట్టిన తేదీ, సమయం, బరువు, పుట్టగానే ఏడ్చిందా, కాన్పుకు ముందు ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, తల్లికి జ్వరం వచ్చిందా, చివరిసారి పాలు ఎప్పుడు తాగింది, మూత్రం ఎప్పుడు పోసింది. తల్లీబిడ్డల కార్డును, డిశ్చార్జి కాగితాలను సంచిలో వేసుకుని, బండిలో కూర్చున్నప్పుడే వీటికి జవాబులు రాసి పెట్టుకోండి. బిడ్డను లోపలికి తీసుకున్నాక తల్లి మూడు గంటలకోసారి పాలు పిండుతూనే ఉండాలి; బిడ్డ కోలుకునే రోజుకు ఆ పాలు సిద్ధంగా ఉండాలి కదా.