బరువు తగ్గించే ఆపరేషన్: ఏది ఎంచుకోవాలి, ఆ తర్వాత ఎలా తినాలి

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చెన్నైకి వెళ్లాలనుకునేవారు సర్జన్‌ను ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ తర్వాత జీవితాంతం చేయించుకోవలసిన రక్తపరీక్షలను, మందుల మోతాదుల్లో మార్పులను మా ఊళ్లో ఎవరు చూస్తారు? ఏ ఆపరేషన్ చేయించుకోవాలో నిర్ణయించుకునేటప్పుడు, ఎన్ని కిలోలు తగ్గుతామన్న లెక్క కంటే ఈ ప్రశ్నకు దొరికే జవాబుకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 35 దాటినవారికి ఇతర జబ్బులు లేకపోయినా ఈ ఆపరేషన్‌ను సిఫారసు చేయవచ్చు. ఆసియావాసుల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చు.

ఈ ఆపరేషన్‌లో ముఖ్యమైన పద్ధతులు స్లీవ్, బైపాస్. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు 80 శాతాన్ని నిలువునా కోసి తీసివేసి, అరటికాయంత సన్నని గొట్టంలా మిగులుస్తారు. పేగుల జోలికి వెళ్లరు. అయితే, పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట ముందునుంచే ఉన్నవారికి అవి ఇంకా ముదరవచ్చు కాబట్టి, అలాంటివారికీ, మధుమేహం బాగా ముదిరినవారికీ సాధారణంగా బైపాస్‌ను సూచిస్తారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. దీనివల్ల ఐరన్, కాల్షియం, బీ12 ఒంటికి సరిగా పట్టవు. ఆ మాత్రలను జీవితాంతం వేసుకోవలసిందే. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు బైపాస్ అయినవారికి అతుకు దగ్గర పుండు పుట్టించగలవు. పొగ తాగడమూ అంతే ప్రమాదం. జీర్ణాశయం పైభాగం చుట్టూ బ్యాండ్ బిగించే పద్ధతి ఇప్పుడు బాగా తగ్గిపోయింది.

తిండి విషయానికి వస్తే, మొదటి రెండు వారాలు ద్రవాలే తీసుకోవాలి: వడగట్టిన పప్పు కట్టు, పలుచని మజ్జిగ, పాలు, చక్కెర లేని ప్రొటీన్ పొడి కలిపిన నీళ్లు. తర్వాత మరో రెండు వారాలు మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తని ముద్దలు తింటూ, దాదాపు రెండు నెలలకు మామూలు తిండికి చేరుకుంటారు. ఆసుపత్రిని బట్టి ఈ గడువులు కొంత మారుతాయి. మీ సర్జన్ చెప్పినదే పాటించండి.

మన భోజనంలో అన్నం కొండంత, కూర గోరంత. ఆపరేషన్ తర్వాత ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. 100 గ్రాముల చేపలోనో రొయ్యల్లోనో సుమారు 20 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. మెత్తని తిండి మొదలయ్యాక, చేపల పులుసులోని ముక్కను పులుసు, కారం, నూనె అంటకుండా తీసి, ముల్లు ఏరి, చిన్న చెంచా వెనుకవైపుతో మెదిపి, చెంచాలో సగం చొప్పున నోట్లో పూర్తిగా నలిగేదాకా నమిలి మింగాలి. అది ముగిశాక చోటుంటేనే అన్నం. రొమ్ము ఎముక కింద బిగువుగా అనిపించినా, ఉన్నట్టుండి ఎక్కిళ్లు వచ్చినా, ముక్కు కారినా అక్కడితో ఆపేయాలి. అమ్మగారో అత్తగారో “ఇంకొక్క ముద్ద తినమ్మా” అన్నా ఆ ముద్ద తినకూడదు. అందుకే వడ్డించేవారికి ఈ సంగతులు ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంచడం మంచిది.

అన్నంతోపాటు నీళ్లు తాగే అలవాటును పూర్తిగా మానాలి. తిన్న అరగంట దాటాకే గుక్కగుక్కగా తాగాలి. మన ఎండలకు ఒళ్లు త్వరగా ఎండిపోతుంది కనుక, భోజనాల మధ్య సీసా చేతిలోనే ఉండాలి. బైపాస్ అయినవారు మలై కాజా వంటి పాకం మిఠాయి తింటే, చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు.

ఇన్సులిన్, బీపీ మందుల మోతాదులను తొలి రోజుల నుంచే డాక్టరు సరిచూడాలి. మూడో నెల నుంచి జుట్టు రాలడం కనిపించవచ్చు. సాధారణంగా మళ్లీ వస్తుంది. స్త్రీలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వాయిదా వేసుకోవాలి.

జ్వరం, తగ్గని గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అతుకు నుంచి లీకు అయి ఉండవచ్చు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ లోపించి నరాలు దెబ్బతినవచ్చు కాబట్టి, ఉత్త గ్లూకోజు సెలైన్ ఎక్కించుకునే ముందే మీకు ఈ ఆపరేషన్ అయిందని అక్కడి డాక్టరుకు చెప్పి, బీ1 ఇంజెక్షన్ గురించి అడగండి.