ఎపాక్సీలో నానోక్లే ఉండకట్టకుండా కలపడం ఎలా?

ఎపాక్సీ అంటే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపితే గట్టి ప్లాస్టిక్‌గా మారే జిగురు లాంటి రెజిన్; నానోక్లే అంటే అతి పల్చని పొరలున్న బంకమట్టి పొడి. క్లే ఎంత ఎక్కువ వేస్తే పోతపోసిన ముక్క అంత గట్టిపడుతుందన్న భ్రమ ముందు వదిలేయండి. 100 గ్రాముల రెజిన్‌కి 3 గ్రాములు చాలు. 10 గ్రాములు గుమ్మరించి, విరిగిన ముక్కలు పట్టుకొచ్చి "క్లే మంచిది కాదండీ" అనేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది. 1980ల చివర్లో టొయోటా పరిశోధకులు 5 శాతం లోపు క్లేతోనే, నైలాన్-6 అనే ప్లాస్టిక్ వేడికి వంగిపోయే ఉష్ణోగ్రతను 65 డిగ్రీల నుంచి 140 దాటించారు.

కావలసినవి: ద్రవ ఎపాక్సీ, హార్డెనర్, ఆర్గానోక్లే (రెజిన్‌తో కలిసేలా రసాయనంతో మార్చిన నానోక్లే), హాట్ ప్లేట్, స్టిరర్, ప్రోబ్ సోనికేటర్ (ధ్వని తరంగాలతో ద్రవాన్ని కుదిపే కడ్డీ), వాక్యూమ్ డెసికేటర్ (లోపలి గాలి లాగేసే మూత పాత్ర), అచ్చు, గ్లోవ్స్, మాస్క్. మామూలు బెంటోనైట్ క్లే నీళ్లలో కలుస్తుంది గానీ రెజిన్‌తో పొసగదు. క్లేని రాత్రంతా 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి.

అసలు తంటా కలపడంలోనే. ప్రతి రేణువూ తడిసి అతుక్కున్న తమలపాకుల కట్ట లాంటిది. ఒక్కో పొర మందం దాదాపు 1 నానోమీటరు (మీటరులో వంద కోట్లవ వంతు). రెజిన్ వాటి మధ్యకు దూరి పొరలను విడదీస్తేనే బిరుసు పెరుగుతుంది, తేమ చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది. విడదీయలేదా, ఆ ఉండ దగ్గరే పగులు మొదలవుతుంది.

అందుకే రెజిన్‌ని 75 డిగ్రీలకు వేడిచేసి, పల్చబడ్డాక క్లేని చిటికెడు చిటికెడుగా చల్లండి. రాగి జావలో పిండంతా ఒకేసారి పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. రెండు గంటలు తిప్పాలి, అరగంటకే ఆపేయొద్దు. తర్వాత ప్రోబ్ సోనికేటర్: 5 సెకన్లు ఆన్, 5 సెకన్లు ఆఫ్, గిన్నె చుట్టూ ఐస్. నేనొకసారి ఐస్ మరిచిపోతే రెజిన్ కాఫీ రంగుకు తిరిగింది.

ఒక చుక్క తీసి రెండు గాజు పలకల మధ్య నొక్కి వెలుతురుకు పట్టండి. నలుసులు కనిపిస్తే మళ్లీ తిప్పండి. కనిపించకపోయినా పొరలు విడిపోయాయని కాదు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో పొరల మధ్య దూరం కొలిచే పరీక్ష) గ్రాఫ్‌లో క్లే పీక్ ఎడమకు జరిగితే రెజిన్ లోపలికి వెళ్లినట్టు.

పల్చబడుతుందని అసిటోన్ పోసే పద్ధతి నాకు పడదు. పూర్తిగా ఎగిరిపోదు, మిగిలింది ముక్కని మెత్తబరుస్తుంది.

గది వేడికి చల్లారాకే హార్డెనర్ కలపండి, లేదంటే గిన్నెలోనే గడ్డకట్టి పొగలొస్తుంది. వాక్యూమ్‌లో బుడగలు తీసి అచ్చులో పోయండి. గట్టిపడే సమయం హార్డెనర్ డబ్బా మీద రాసి ఉంటుంది.

అదే రోజు, అదే అచ్చులో క్లే లేని ముక్క కూడా ఒకటి పోయండి. టెస్టులో క్లే ముక్క దానికన్నా తక్కువ సాగి తెగితే టెన్షన్ పడకండి, బిరుసు పెరిగితే సాగుడు తగ్గడం మామూలే.