మంచు బండి పాఠాలు – 5: ఇరుక్కున్న బండి, వదలని బొటనవేలు

ఈసారి సైడ్‌హిల్, అంటే మంచు బండిని (స్నోమొబైల్‌ని) కొండవాలుకి అడ్డంగా నడపడం, చెబుతానన్నాను. చెప్పడం లేదు. పోయిన పాఠంలో "లోతు మంచులో థ్రాటిల్ (బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్) వదలొద్దు" అని రాశాను. బండి ముందుకు కదులుతున్నంతసేపూ వదలొద్దని నా ఉద్దేశం. ఆ "కదులుతున్నంతసేపూ" రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. దాని పుణ్యమా అని ఒకాయన నడుము లోతు గొయ్యి తవ్వుకున్నాడు. ఇంకొకాయన బండి బెల్టు (ఇంజన్ శక్తిని ట్రాక్‌కి చేర్చేది) కాల్చుకుని, స్నేహితుడి బండి వెనక కూర్చుని వాషింగ్టన్ రాష్ట్రంలోని క్రిస్టల్ స్ప్రింగ్స్ పార్కింగ్‌కి తిరిగొచ్చాడు. మూడో ఆయన, "మీరు చెప్పినట్టే నొక్కానండీ, ఇంకా దిగిపోయింది" అని రాశాడు. దిగిపోకేం చేస్తుంది?

హెల్మెట్, బీకన్ (మంచు కింద పూడినవాళ్ల జాడ తెలిపే రేడియో), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ) సంగతి మళ్లీ ఎత్తను.

మన ఊళ్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ దిగబడటం చూశారు కదా. డ్రైవర్ కుర్రాడైతే ఇంకా రెయిజ్ చేస్తాడు. చక్రం తిరుగుతుంది, బురద ఎగురుతుంది, ఇరుసు నేలకి ఆనుతుంది. పెద్దవాళ్లు గట్టు మీంచి "ఆపరా!" అని కేకేస్తారు. ఇక్కడా అదే కథ. బండి కింద తిరిగే రబ్బరు పట్టాకి, అంటే ట్రాక్‌కి, తెడ్ల లాంటి పళ్లుంటాయి. ట్రైల్ బండికి ఒకటి, ఒకటిన్నర అంగుళం. కొండ బండికి రెండున్నర నుంచి మూడు అంగుళాలు. ఆ పళ్లు అణగదొక్కిన మంచుని పట్టుకుని తోస్తేనే బండి ముందుకెళ్తుంది. పట్టు జారితే అవే పళ్లు మంచుని వెనక్కి చిమ్ముతాయి. వెనకభాగం దిగుతుంది, బండి ముందు జారే స్కీలు పైకి లేస్తాయి, కాళ్లు పెట్టుకునే పలకలు మంచు మీద ఆనుకుంటాయి. ఇక బరువంతా పలకల మీదే, ట్రాక్ మీద లేదు. ట్రాక్ గోతిలో ఊరికే తిరుగుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని.

కాబట్టి నియమం ఇది: ఇంజన్ శబ్దం పెరిగి, పక్కనున్న చెట్టు వెనక్కి పోకపోతే, బొటనవేలు తీసేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" వద్దు. ఆ ఇంకొక్కసారికి ఇరవై నిమిషాల తవ్వకం. కొందరికి మోటార్‌సైకిల్ అలవాటు కూడా అడ్డం. భయపడగానే కుడిచేయి బిగుసుకుంటుంది. ఇక్కడ యాక్సిలరేటర్ ఆ చేతి బొటనవేలి కిందే ఉంది. బిగిస్తే నొక్కినట్టే. అందుకే నేను ఆ వేలిని లివర్ మీద చుట్టను, ఆనించి ఉంచుతానంతే.

బెల్టు సంగతి: ఇది యాక్టివాలో ఉండే బెల్టు వ్యవస్థ లాంటిదే, కాకపోతే చాలా పెద్ద ఇంజన్‌కి బిగించింది. ట్రాక్ మంచులో బిగుసుకుని ఇంజన్ అరుస్తుంటే బెల్టు జారి కాలుతుంది. రబ్బరు వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యం. స్పేర్ బెల్టు లేకుండా బయల్దేరొద్దు.

ఇక బయటపడటం. ముందు ఇంజన్ ఆపి టెదర్ (ఒంటికి తగిలించుకునే, లాగితే ఇంజన్ ఆగే తాడు) లాగేయండి. జాకెట్ జిప్పు తెరవండి. చెమటతో తడిసినవాడు తర్వాత వణుకుతాడు. చాలామంది బండి చుట్టూ తవ్వుతూ కూర్చుంటారు. నేను అంత తవ్వను, బండినే దొర్లిస్తాను. పల్లం వైపు పలక కింద మంచు తీసి, స్కీ కొక్కెం పట్టుకుని ముక్కుని పల్లానికి తిప్పుతాను. తర్వాత బండిని పల్లం వైపు పక్కకి పడేసి, గోతిలోకి మంచు తోసి తొక్కుతాను. లేపి నిలబెట్టి, ముందర రెండు బండ్ల పొడవున దారి తొక్కుతాను. అప్పుడు నీళ్లు తాగుతూ ఐదు నిమిషాలు ఆగుతాను. తొక్కిన మంచు కాసేపట్లో గట్టిపడుతుంది. తొందరపడితే ఆ లాభం పోతుంది. మన కాస్కేడ్ కొండల తడి మంచుని ఇక్కడివాళ్లు కాంక్రీటనే అంటారు. తవ్వేటప్పుడు తిట్టుకుంటాం గానీ, తొక్కాక అదే మేలు.

తోడున్నవాళ్లు ముందు పక్కన నిలబడి స్కీ లాగాలి. వెనక ఎవరూ ఉండకూడదు; ట్రాక్ మంచుగడ్డల్ని రాళ్లలా విసురుతుంది.

రివర్స్ గురించి అడిగారు. లోతు మంచులో వేయకండి, వెనక్కి ఇంకా దిగుతుంది. ఆగేటప్పుడు కూడా బ్రేకు వద్దు. వేలు తీస్తే మంచే ఆపుతుంది. ఆగినప్పుడు ముక్కు పల్లానికి ఉండాలి.

ఇదంతా చదును నేల, చిన్న వాలు మాట. 30 డిగ్రీలు దాటిన వాలు మీద మిత్రుడు ఇరుక్కుంటే ఎక్కి వెళ్లొద్దు. ఆ వాలు మీద ఒక్కడే ఉండాలి. వాలు మీది మంచు జారితే ఇద్దరూ దాని కింద పూడిపోతారు, తవ్వి తీయడానికి పైన ఎవరూ ఉండరు. దూరంగా, జారిన మంచు చేరని చోట నిలబడి కళ్లార్పకుండా చూడండి. ఏం చెయ్యాలో అక్కడి నుంచే అరిచి చెబితే చాలు, తవ్వుకోవడానికి అతని దగ్గర పార ఉంది.

సాధన: చెట్లకి దూరంగా చదును మైదానంలో, తోడు మనిషిని ఒడ్డున కూర్చోబెట్టి, కావాలని బండిని దింపండి. ఒంటరిగా తీయండి. మూడుసార్లు. మూడోసారి పదిహేను నిమిషాలు దాటితే ఇంకో రోజు మళ్లీ మొదలు. ఇంటికెళ్లే ముందు, చేతి తొడుగులు తీయకుండా, ఒకసారి బెల్టు విప్పి తిరిగి ఎక్కించండి. ఇవి రెండూ అయ్యాయని రాస్తే, సైడ్‌హిల్ మొదలుపెడతాను.