డీజిల్ వ్యాన్‌లో కూలెంట్ తగ్గిపోతుంటే: నా అనుభవం

మా వ్యాన్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూనే ఉండేది; కింద చుక్క పడేది కాదు, ఆయిల్ రంగు మారలేదు. రేడియేటర్ మూత, థర్మోస్టాట్, వాటర్ పంపు మార్చినా లాభం లేకపోయింది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక (వేడి మీద మూత అస్సలు తీయకండి) ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే గాలి కొట్టి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి ముల్లు పడిపోయింది, బయట ఎక్కడా తడి లేదు. అప్పుడు ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) నుంచి పొగ బయటికి వచ్చే గొట్టం విప్పితే లోపలి మసి తడిగా, జిగటగా ఉంది. కూలర్ దించి, కూలెంట్ దారిలో ఒక చివర మూసి, నీళ్లలో ముంచి రెండో చివర నుంచి గాలి పెడితే బుడగలు వచ్చాయి. కొత్తది వేయించాక మట్టం కదలలేదు.

అన్ని బండ్లకూ ఇదే కారణమని చెప్పలేను. హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) పోయినా ఇలాగే ఉండవచ్చు. కానీ హెడ్ దించడానికి ఒప్పుకునే ముందు ఆ గొట్టం విప్పించి చూడండి.